పాప తల ఎవరు తడిపారు

నవ్వాలనుకునే వాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో మాత్రం నన్ను ఆపకండి... ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. మా ఇంట్లో, మా పడకగదిలో, మా పాపకు జరిగింది. నేను ఎంఎస్సీ చదివాను. పెళ్ళికి ముందు ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. దయ్యాల కబుర్లు మొదలైతే పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషినే గానీ, వాటిని నమ్మే మనిషిని కాను. అయినా శిలువ గుర్తు వేసుకుని చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. గుర్తు లేని చోట గుర్తు లేదనే చెబుతాను.

అసలు భయమంతా అక్కడే ఉంది. ఆ గుర్తు లేని చోట.

పాప ఇప్పుడు నా పక్కనే పడుకుంది. ఫోన్ వెలుతురు బాగా తగ్గించి రాస్తున్నాను. మధ్యమధ్యలో దాని పొట్ట మీద చెయ్యి వేసి చూస్తున్నాను. పైకీ కిందికీ కదులుతోంది. సరే.

మేము కాజీపేటలో రైల్వే క్వార్టర్‌లో ఉంటాం. మా ఆయన శ్రీను గూడ్స్ బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజన్ ఎక్కాక ఫోన్ ఆపేయాలి. అది వాళ్ళ రూలు. ఆయన వాళ్ళది వరంగల్‌లో కొత్తవాడ. ఇంట్లో మగ్గం ఉంది, అత్తమ్మ ఇప్పటికీ జంపఖానాలు నేస్తుంది. మాది క్యాథలిక్ కుటుంబం. కాలేజీలో పరిచయం, తర్వాత కొట్లాటలు, ఏడుపులు, చివరికి రెండు పక్కలా ఒప్పుకుని పెళ్ళి... అదంతా వేరే కథ.

పాప పుట్టాక ఇంకో చిక్కు వచ్చింది. మా వాళ్ళలో బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే జ్ఞానస్నానం ఇప్పిస్తారు. తల మీద నీళ్ళు పోసి, పేరు పెట్టి, దేవుని బిడ్డగా చేర్చుకోవడం. అత్తమ్మ వద్దనలేదు. వరుస మాత్రం అడిగింది.

"ముందుగాల ఐలోని మల్లన్న గుడికాడ పుట్టెంటికలు తీపిద్దాం బిడ్డా. అటెన్క మీ గుడిల నీళ్ళు పోయిచ్చుకో. మల్లన్నకు, మీ ఏసయ్యకు కొట్లాటేం లేదు. ఉన్న కొట్లాటంత మనకే."

"పుట్టెంటికలు పదకొండో నెలల అంటివి కదా అత్తమ్మా... అంతదాకా ఆగాల్నా?"

"ఆగితే ఏమాయె? పిల్ల ఏడికన్న పోతాందా?"

నేను ఒప్పుకున్నాను. ఆమె నా కోసం చాలా ఒప్పుకుంది. నేను ఈ ఒక్కటి ఒప్పుకుంటే ఏం పోయింది అనుకున్నాను. అలా ఎనిమిదో నెల వచ్చింది. పాపకు నీళ్ళు పడలేదు. పేరూ లేదు. అందరం చిట్టి అనే పిలిచేవాళ్ళం.

లోపల మాత్రం నాకు నిద్ర పట్టేది కాదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది. నీళ్ళు పడని బిడ్డ చచ్చిపోతే మోక్షం గడప దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుందట. లోపలి వెలుతురు కనిపిస్తుందట... లోపలికి మాత్రం రానివ్వరట. ఈ సంగతి మా ఫాదర్‌ను అడిగాను. "అవి పాత భయాలమ్మా. అలాంటి పిల్లల్ని దేవుని దయకు అప్పగించమనే తిరుసభ చెప్తుంది. దేవుడు నీకంటే చెడ్డవాడా?" అన్నారు. పగలు నేను ఫాదర్ మాట నమ్ముతాను. రాత్రయితే అమ్మమ్మే గుర్తొస్తుంది.

ఆ వారమంతా ముసురు. పాపకు జ్వరం పట్టుకుంది. డాక్టర్ చూసి చుక్కల మందు రాశారు. ఒళ్ళు కాలిపోతుంటే గోరువెచ్చని నీళ్ళతో తుడవమన్నారు. తుడిస్తే తగ్గేది... మళ్ళీ పెరిగేది. ఆ సాయంత్రమే శ్రీనుకు డ్యూటీ కాల్ వచ్చింది. షూ లేసులు కట్టుకుంటూ పాప నుదురు ముట్టి చూశాడు.

"అమ్మకు ఫోన్ జేసిన. ఆటోల వత్తాంది. నువ్వు ఫికర్ జెయ్యకు."

"నువ్వు ఫోన్ ఆపేస్తవ్ కదా. ఏమన్నా ఐతే?"

"ఉత్త జ్వరమే స్టెల్లా. ఏం గాదు."

అత్తమ్మ తల మీద ప్లాస్టిక్ కవర్ కప్పుకుని, తడిసి ముద్దై వచ్చింది. రాగానే పాపను ఎత్తుకోలేదు. ముందు చేతులు వేడి చేసుకుంది. తర్వాత తన నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి పాప తలగడ కింద పెట్టింది. ఇనుము దగ్గరుంటే పిల్ల ఉలికిపడదని.

అన్నం తిన్నాక, ఎందుకో, ఆమెకు చెప్పాను.

"అత్తమ్మా... ఒకవేళ రాత్రి పాపకు ఏమన్నా ఐతే, నాకు కాళ్ళు చేతులు ఆడకపోతే... నువ్వే దాని తల మీద నీళ్ళు పొయ్యాలె. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్న అనాలె. ప్రాణం మీదికొస్తే ఎవ్వరు పోసినా చెల్లుతది. మా మతమే కానక్కర్లేదు."

ఆమె నోట్లో వక్క పలుకు అలాగే ఆగిపోయింది. తర్వాత నవ్వింది.

"నేను మీ ఫాదర్ని అయితనా ఏంది? తెల్ల గౌను తెప్పియ్యి మరి." నేను నవ్వకపోవడం చూసి గొంతు మార్చింది. "నోట్లెకెల్లి గసొంటి మాట రానియ్యకు బిడ్డా. దీపం పెట్టినంక అనద్దు. పండుకో."

ఆమె హాల్లో మంచం వేసుకుని పడుకుంది. ఇక్కడ మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. ఒక చివర పడకగది. మధ్యలో హాలు. ఇంకో చివర వంటిల్లు. అంతే. వంటింట్లోంచి పడకగదికి రావాలంటే హాల్లోంచే రావాలి. పడకగదికి ఇంకో తలుపు లేదు. కిటికీ ఉంది... ముసురని గడియ వేసి ఉంది.

రోజూ పడుకునే ముందు ఫోన్‌లో ఆ రోజు బైబిల్ సువిశేషం చదువుకోవడం నాకు అలవాటు. ఆ రోజు యాయీరు కూతురి కథ వచ్చింది. చావుబతుకుల్లో ఉన్న పాప. తండ్రి ఏసు ప్రభువు కాళ్ళ మీద పడతాడు. ప్రభువు దారిలో ఉండగానే, ఇక అక్కర్లేదు, పాప పోయిందని కబురు వస్తుంది... నేను అక్కడే ఆపేశాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఎన్నిసార్లు విని ఉంటాను! అయినా కళ్ళు ఆ వాక్యం దాటలేదు. ఫోన్ బోర్లా పెట్టేశాను. కథను పాప చచ్చిపోయిన దగ్గర ఆపి పెట్టాను. అలా చేయకుండా ఉండాల్సింది.

కరెంటు పోయింది. మేరీమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించాను. మంచం పక్కన స్టూల్ మీద టబ్బు, అందులో గోరువెచ్చని నీళ్ళు, గుడ్డ. పాపను తల గోడ వైపు ఉండేలా పడుకోబెట్టాను. ఇది బాగా గుర్తుంది. ఎందుకంటే మంచం అంచు వైపు తల ఉంటే పడుతుందేమోనని నాకు ఎప్పుడూ భయం. జపమాల పట్టుకుని కూర్చున్నాను. వాన... దూరంగా రైల్వే యార్డులో గూడ్స్ డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు... మళ్ళీ వాన.

కునుకు పట్టిందో లేదో తెలియదు. జపమాల వేళ్ళలోంచి జారినట్టయి కళ్ళు తెరిచాను.

పాప బిగుసుకుపోయి ఉంది.

పిడికిళ్ళు ముడుచుకున్నాయి. కనుగుడ్లు పైకి వెళ్ళిపోయాయి... తెల్లగా. పెదవులు ఒక రకంగా అయిపోయాయి, ఆ రంగు పేరు నాకు తెలుసు, రాయను. తర్వాత ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. శబ్దం లేదు. ఏడుపు లేదు. మంచం చెక్క మాత్రం టకటక... టకటక...

నేను ఏం చేయాలి? పిల్లను పక్కకు తిప్పాలి. ఎత్తుకుని బయటకు పరుగెత్తాలి. అత్తమ్మను లేపాలి. ఇవేవీ చేయలేదు. ఒక్కటే తోచింది. నీళ్ళు. నీళ్ళు పడకుండా పోతుంది... గడప దగ్గర ఆగిపోతుంది...

టబ్బు నా మోకాలికి తగులుతూ ఉంది. నిండా నీళ్ళు. ఏ నీళ్ళయినా చాలు. సత్యోపదేశంలో చదివాను, ఆదివారాలు పిల్లలకు నేనే నేర్పించాను కూడా... కుళాయి నీళ్ళయినా, చెరువు నీళ్ళయినా చాలునని. కానీ ఆ నిమిషం నాకు అవి జ్వరం తుడిచిన నీళ్ళలాగే కనిపించాయి. మురికివి. పనికిరానివి. పాస్కా పండుగ రాత్రి గుడి నుంచి తెచ్చుకున్న పవిత్ర జలం సీసా వంటింట్లో ఉంది. బియ్యం డబ్బా వెనక. కొట్టుకుంటున్న బిడ్డను అలాగే వదిలేసి... దాని కోసం పరుగెత్తాను.

హాలు దాటాను. వంటిల్లు చీకటి. డబ్బా వెనక తడుముతున్నాను. చేతికి ఏదో తగిలి స్టీలు గ్లాసు కింద పడింది. ఖణేల్మంది. దొర్లింది... దొర్లింది... గోడకు తగిలి ఆగింది.

అది ఆగాక వినిపించింది.

పడకగది లోంచి.

ఆడ గొంతు. గట్టిగా కాదు, రహస్యంగా కూడా కాదు. పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టు. అందులో తొందర లేదు. భయం లేదు. ఆ ఇంట్లో ఆ క్షణాన భయం లేని గొంతు ఎవరికి ఉంటుంది?

ముందు ఒక పేరు అంది.

తర్వాత... "పిత..."

నీళ్ళ చప్పుడు. సన్నగా, ధారగా.

"పుత్ర..."

మళ్ళీ నీళ్ళు.

అంతలో యార్డులోంచి గూడ్స్ కదిలింది. డబ్బాలన్నీ వరసగా ధడధడమన్నాయి. ఇంటి కిటికీలు అదిరాయి. ఇక ఏమీ వినబడలేదు.

సీసా దొరికింది. హాల్లోకి పరుగెత్తాను. చీకట్లో అత్తమ్మ మంచానికి గుద్దుకున్నాను. నా చెయ్యి ఆమె కాలి మీద పడింది. వెచ్చగా ఉంది. "ఎవలు?" అంది నిద్రమత్తులో. నేను "అత్తమ్మా!" అని అరిచాను. ఆమె లేచి కూర్చుంటుండగానే లోపలికి వెళ్ళాను.

గదిలో ఎవరూ లేరు.

కొవ్వొత్తి నిలకడగా వెలుగుతోంది. పాప కొట్టుకోవడం ఆగిపోయింది. కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి పీలుస్తోంది. కానీ అటు తిరిగి ఉంది. తల గోడ వైపు లేదు. మంచం అంచు వైపు ఉంది. సరిగ్గా అంచు మీద, మెడ కొద్దిగా వెనక్కి వాల్చి... గుడిలో జ్ఞానస్నానం తొట్టి మీద పిల్లను పట్టుకున్నప్పుడు తల ఎలా ఉంటుంది? అలా.

జుట్టు తడిసిపోయి ఉంది.

ముట్టుకున్నాను. చల్లగా ఉంది. టబ్బులో నీళ్ళు గోరువెచ్చనివి. ఇవి కుండలో నీళ్ళలా చల్లన. కణత మీంచి ఒక చుక్క జారుతూ, నేను చూస్తుండగానే చెవి దాకా వచ్చి ఆగింది. పక్క గుడ్డ తడిమాను. పొడిగా ఉంది. తలగడ పొడి. పాప చొక్కా పొడి. నా చేతిలో సీసా మూత బిగించినట్టే ఉంది.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమైంది బిడ్డా? ఏమైంది?" నేను ఆమె చేతులు పట్టుకుని చూశాను. రెండూ పొడిగా ఉన్నాయి.

పక్క క్వార్టర్ వాళ్ళను లేపాం. వాళ్ళ కారులో దవాఖానకు తీసుకెళ్ళాం. దారి పొడవునా నేను ఒక్క ప్రార్థన కూడా చేయలేదు. అత్తమ్మే మల్లన్నను, నాకు తెలిసిన దేవుళ్ళను, తెలియని దేవుళ్ళను పిలుస్తూ కూర్చుంది. మధ్యలో "ఓ మరియమ్మ తల్లీ" అని కూడా అంది. డాక్టర్ చూశారు. జ్వరం హఠాత్తుగా పెరిగినప్పుడు కొందరు పిల్లలకు ఇలా ఫిట్స్ వస్తాయట. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. నేను అప్పుడు ఏడ్చాను. నర్సమ్మ పాప తల తుడుస్తూ నన్ను కోప్పడింది.

"గింత చల్లటి నీళ్ళు ఎవలు గుమ్మరిచ్చిన్రమ్మా పిల్ల నెత్తి మీద? చదువుకున్నోళ్ళే గిట్ల చేత్తే ఎట్ల?"

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

మర్నాడు శ్రీను వచ్చాడు. యూనిఫాం విప్పకుండానే పాపను గుండెకు ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను అంతా చెప్పాను. విన్నాడు.

"నువ్వే పోసినవ్ స్టెల్లా. టబ్బులయి పోసి, అటెన్క సీసకు ఉరికినవ్. టెన్షన్ల మర్శిపోయినవ్."

"నేను పోస్తే దుప్పటి తడవదా?"

"తువ్వాల అడ్డం పెట్టినవ్ గావచ్చు."

"నీళ్ళు చల్లగా ఉన్నయ్ శ్రీనూ."

"రాత్రంత వాన. టబ్బు సల్లబడదా?"

ప్రతిదానికీ జవాబు ఉంది. అన్నీ సరైన జవాబులే. కెమిస్ట్రీ చెప్పేటప్పుడు నేనూ అలాగే చెప్పేదాన్ని. అయినా ఆ జవాబులన్నీ ఒకచోట కూర్చితే ఆ గది రావడం లేదు... వేరే ఎవరిదో గది వస్తోంది.

అప్పటికి నాకు కొత్త భయం మొదలైంది. దయ్యం గురించి కాదు. జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారే. రెండోసారి ఇవ్వకూడదు. ఆ రాత్రి నిజంగా జరిగి ఉంటే, ఇప్పుడు గుడిలో నీళ్ళు పోయించడం తప్పు. జరగకపోయి ఉంటే, పోయించకపోవడం అంతకంటే తప్పు. మళ్ళీ జ్వరం వస్తే? మళ్ళీ అలా ఐతే? నా బిడ్డ గడపకు ఇవతల ఉందా, అవతల ఉందా?

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ దగ్గర కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొత్తం విన్నారు.

"ముందు ఒకటి చెప్పు స్టెల్లా. టబ్బులో ఉన్నవి నీళ్ళు కావా?"

"నీళ్ళే ఫాదర్."

"మరి పిల్లను వదిలి వంటింట్లకు ఎందుకు ఉరికినవ్? సత్యోపదేశం చెప్పే టీచర్‌వే నువ్వు!"

"తెల్వదు ఫాదర్."

"సరే. నువ్వు పోశావా?"

"తెల్వదు."

"మీ అత్తమ్మ?"

"మంచం మీదే ఉంది. నా చేతికి ఆమె కాలు తగిలింది."

"మూడో మాట విన్నావా? పవిత్రాత్మ?"

"బండి పోయింది ఫాదర్... వినబడలే."

ఆయన నవ్వకుండా ఉండలేకపోయారు. "మన కాజీపేటలో ఏ ప్రార్థన పూర్తిగా వినబడిందమ్మా!" తర్వాత నవ్వు ఆపి, కళ్ళజోడు పెట్టుకున్నారు. "చూడు. ఎవరు పోసినా, ఆ మూడు పేర్లతో, ఆ ఉద్దేశంతో పోస్తే అది అయినట్టే. పోసింది ఎవరన్నది దేవునికి అడ్డం కాదు. కానీ అయిందో లేదో మనకు తెల్వదు. తెల్వనప్పుడు కూడా తిరుసభకు ఒక దారి ఉంది. 'నీవు ఇదివరకే జ్ఞానస్నానం పొంది ఉండకపోతే' అని ముందు అని, తర్వాత నీళ్ళు పోస్తాం. ముందే అయి ఉంటే మా నీళ్ళు ఉత్త నీళ్ళు. కాకపోయి ఉంటే ఇదే జ్ఞానస్నానం."

"అంటే అప్పుడైనా తెలుస్తుందా ఫాదర్? ఏది నిజమో?"

"తెల్వదు. తెల్వకుండానే పిల్ల క్షేమంగా ఉంటది. అది చాలదా?"

చాలాలి. చాలాలని నాకూ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫాదర్ చెప్పింది చెప్పాను. పుట్టెంటికల దాకా ఆగలేనని కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"పోయిచ్చుకో బిడ్డా. మల్లన్నకు నేను జెప్పుకుంట. పిల్ల కంటె వరుస ఎక్కువనా?" అంది. చిక్కుడుకాయ ఈనె లాగి పక్కన వేసింది. తర్వాత తల ఎత్తకుండా అంది... "అయినా అదేంది, నువ్వు ఆ రాత్రి లోపల్నే నీళ్ళు పోత్తివి కదా? మల్ల తెల్వదంటవేంది?"

"ఎవరు? నేనా?"

"నేను ఇన్నగద. నిద్ర పట్టీ పట్టనట్టుండె. వంటింట్ల గిలాస పడ్డది. పిల్లి పడగొట్టిందనుకున్న. లేద్దామనుకునేటాల్లకు నువ్వు లోపల్నించి మెల్లగ చదువుతానవ్. నీళ్ళు పోత్తానవ్. పిల్లకు నువ్వున్నవ్ లే అని మల్ల కన్నుమూసిన."

"గ్లాసు పడేసింది పిల్లి కాదు అత్తమ్మా. నేను. వంటింట్ల ఉన్నది నేను."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. నన్ను చూసింది. పడకగది వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"మరి లోపల..."

"నా గొంతేనా అది? బాగా ఆలోచించు."

"ఆడిమనిషి గొంతు. నువ్వే అనుకున్న. నువ్వు గాక ఎవలుంటరు?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిల్లను పేరు వెట్టి పిలిచినవ్ సుత. పేరు కుదుర్చుకున్నది, నాకు చెప్పకపాయె అని మనసుల జర బాధనిపించింది."

"ఏం పేరు? అత్తమ్మా, ఏం పేరు అన్నదో చెప్పు!"

ఆమె నోరు తెరిచింది. పెదవులు ఆ పేరు ఆకారంలోకి వస్తున్నట్టే ఉన్నాయి. నేను ఆ పెదవుల్నే చూస్తున్నాను... ఆమె కళ్ళు చిట్లించింది. తల అడ్డంగా ఊపింది.

"నోటి దాంక వచ్చి పోతాంది బిడ్డా."

నాకూ అంతే. పేరు విన్నాను. ఆ క్షణంలో అది నాకు అర్థమైంది కూడా. వింత పేరు కాదు. ఎవరికైనా ఉండే పేరే. కానీ గుర్తు తెచ్చుకోబోతే అది ఉన్న చోట ఏమీ ఉండదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు.

ఒక్క మాట చెప్పాలి. అత్తమ్మ అబద్ధం ఆడుతోందేమో అని కూడా ఆలోచించాను. ఆమే పోసి, భయపడి, దాస్తోందేమో. నేను చెప్పిన మాటలు ఆమెకు తెలుసు కదా. నా చేతికి తగిలింది కాలు కాదేమో, చుట్టి పెట్టిన దుప్పటేమో. కానీ "ఎవలు?" అని పలికింది ఎవరు? ఇంకోటి... అది నిజంగా నా గొంతేనేమో. నేను వంటింట్లో ఉన్నాననుకుంటూ మంచం పక్కనే ఉన్నానేమో. అప్పుడు గ్లాసు పడేసింది ఎవరు? ఎటు పోయినా ఒకటి మిగిలిపోతోంది.

తర్వాతి ఆదివారం జ్ఞానస్నానం. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. శ్రీను పాపను పట్టుకున్నాడు. పేరు లూసీ అనుకున్నాం. అత్తమ్మ నోరు సులువుగా తిరగాలని చిన్న పేరు చూశాం. ఫాదర్ పాప తలను తొట్టి మీదికి వంచమన్నారు. ఆ రాత్రి మంచం అంచున ఎలా వాలి ఉందో, ఆ తల అలాగే వాలింది.

"లూసీ... నీవు ఇదివరకే జ్ఞానస్నానం పొంది ఉండకపోతే..."

ఆ పేరు ఫాదర్ నోటి నుంచి విన్న క్షణాన నా లోపల ఒకటి స్పష్టంగా తెలిసింది. ఇది కాదు. ఆ రాత్రి విన్నది ఈ పేరు కాదు. ఏ పేరో ఇప్పటికీ తెలియదు... ఇది కాదని మాత్రం తెలుసు.

నీళ్ళు పడ్డాయి. మూడుసార్లు. మూడు మాటలూ నిండుగా వినబడ్డాయి. పాప ఏడవలేదు. గుడిలో పిల్లలందరూ ఏడుస్తారు. ఇది మాత్రం, ఇదంతా ముందే తెలిసినట్టు, ఫాదర్ ముఖంలోకి చూస్తూ ఉంది.

ఇంటికొచ్చాక యాయీరు కథ మిగిలినది చదివాను. అందరినీ బయటకు పంపి, ప్రభువు ఆ పాప చెయ్యి పట్టుకుని లేపుతాడు. లోపల తండ్రితో పాటు తల్లి కూడా ఉంది. ఆమె ఏం చూసిందో, ఏం అనుకుందో ఒక్క ముక్క లేదు. పాపకు తినడానికి ఏమైనా పెట్టమని చెప్పి, ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దని ప్రభువు వాళ్ళకు గట్టిగా చెబుతాడు. ఇన్నేళ్ళూ ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు అనిపిస్తోంది... ఆ తల్లికి చెప్పాలని ఉన్నా, ఏం చెప్పాలో తెలియదేమో. మరి నేను ఎందుకు చెబుతున్నాను? అదీ తెలియదు.

పాప ఇప్పుడు బాగుంది. పాకుతోంది. జ్వరం మళ్ళీ రాలేదు. రాత్రి ప్రార్థన మాత్రం నాకు కుదరడం లేదు. మా ఇంట్లో ప్రార్థన చివర ఒక్కొక్కరినీ తలుచుకుంటాం. బతికున్న వాళ్ళ కోసం మేలు అడుగుతాం. ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు పాపాలు కడుక్కునే చోట, ఉన్న ఆత్మల కోసం విశ్రాంతి అడుగుతాం. మోక్షంలో ఉన్న వాళ్ళనైతే, మా కోసం మీరు వేడుకోండని అడుగుతాం. ఎవరి వరుస వాళ్ళది. నా కంటే ముందు నా బిడ్డ తల పట్టుకున్న ఆ మనిషిని నేను ఏ వరుసలో పెట్టాలి? అత్తమ్మ అయితే దండం పెట్టాలి. చనిపోయిన ఎవరి ఆత్మో అయితే దాని కోసం ప్రార్థించాలి. మేరీమాత అయితే కృతజ్ఞత చెప్పాలి. నేనే అయితే... నేను వైద్యుడికి చూపించుకోవాలి. ఇవేవీ కాకపోతే?

అందుకే ఈ రాత్రి ఎవరి పేరూ అనలేదు. అందరినీ తలుచుకోవడం అయ్యాక, ఆమెన్ అనే ముందు, ఒక్క క్షణం ఖాళీ వదిలాను. ఎవరైతే వాళ్ళకు అని.

ఆ ఖాళీలో పాప నవ్వింది. కళ్ళు మూసుకునే. నిద్రలో పిల్లలు నవ్వుతారు, అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నేను ఇంకా ఆమెన్ అనలేదు.